నాలుగు వేళ్ళ వాలు

పద్నాలుగు అలమర తలుపుల్లో తొమ్మిది తెరుచుకున్నాయి.

మొదటిది వీధి చివర మలుపు దాటగానే తెరుచుకుంది. తొమ్మిదోది తనిఖీ కేంద్రం గేటు దగ్గర. ఇప్పుడు బస్సు మళ్ళీ పెరట్లోకి వచ్చి ఆగింది. డ్రైవరమ్మ సీట్లోంచి లేవకుండా అద్దంలో వెనక్కి చూసింది. గిన్నెలు, డబ్బాలు, మందుల పెట్టె, రెండు దుప్పట్లు నడవలో పడి ఉన్నాయి. సూదుల డబ్బా మూత ఊడింది.

"చెప్పులు లేకుండా కాలు కింద పెట్టకు," అంది కూతురితో.

కూతురు వెనక బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. ఒళ్ళో ఆరు కప్పులు. దారంతా వాటిని పట్టుకునే వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం ఆమెకి. అమ్మకి సాయం చేద్దామని ఈ వారం సెలవు పెట్టింది.

ఆమె భర్త వడ్రంగి. పెరట్లో నిలబడి ఉన్నాడు. ఆయన తనిఖీకి వెళ్ళలేదు. నా పని అయిపోయింది, తోలడం నీ పని అని పొద్దున అన్నాడు.

"ఏమన్నాడు?" అని కింద నుంచి అడిగాడు.

"ఎక్కి చూడండి," అంది భార్య.

ఎక్కాడు. నడవ వైపు చూశాడు. తెరిచి ఉన్న మొదటి తలుపును వేలితో తోశాడు. అది వెళ్ళి మూసుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు. రెండోదీ అంతే. వరసగా తొమ్మిదీ మూశాడు. ఒక్కటి కూడా కదల్లేదు.

"బాగానే ఉన్నాయే," అన్నాడు.

"ఇక్కడ బాగానే ఉంటాయి నాన్నా. రోడ్డెక్కితే చూడాలి వాటి సంగతి," అంది కూతురు.

"ఇన్‌స్పెక్టర్ ఏమన్నాడని అడుగుతున్నా."

"ఇందులో ఎవరుంటారు అన్నాడు. మేమే అన్నాను," అంది డ్రైవరమ్మ. "అప్పుడే ఓ పళ్ళెం జారుకుంటూ వచ్చి ఆయన బూటుకి కొట్టుకుంది. తీసి నా చేతికిచ్చి, 'సరిచేశాక పిలవండమ్మా, భోజనానికి వస్తా' అన్నాడు. సంతకం పెట్టలేదు. సోమవారం మళ్ళీ రమ్మన్నాడు."

ఆ సంతకం ఉంటేనే బస్సు ఇల్లవుతుంది. లేకపోతే డిపోవాళ్ళు వద్దని తీసేసిన ఇరవై రెండు అడుగుల పాత బస్సు. నడపొచ్చు, అందులో కాపురం ఉండకూడదు. ఈ రోజు బుధవారం. శుక్రవారం ఉదయం పది గంటలకు, అమ్మేసిన ఈ ఇంటి తాళాలు కొన్నవాళ్ళ చేతిలో పెట్టాలి.

వడ్రంగి ఒక తలుపు మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మూశాడు.

"ఎలా తోలావు?" అన్నాడు.

కూతురు కప్పులు పక్కన పెట్టింది.

డ్రైవరమ్మ ఇంజన్ తాళం తీసింది. "ఏంటన్నారు?"

"అదే. మలుపుల దగ్గర కాస్త చూసుకుని తోలితే..."

"ఇరవై ఆరేళ్ళు తోలాను. పిల్లల్ని చంకనేసుకుని నిలబడ్డవాళ్ళు, గుడ్ల బుట్టలు పెట్టుకున్నవాళ్ళు. ఎవరిదీ ఒక్క గుడ్డు పగల్లేదు. మీ అలమరల్లోంచి గిన్నెలు పడితే నా తోలుడు బాగాలేదా?"

"మాటవరసకి అన్నాను."

"మాటవరసకి కూడా ఇంతవరకూ అనలేదు మీరు."

నిజంగానే అనలేదు. పెళ్ళైన కొత్తలో ఒక బల్ల కాళ్ళ గురించి ఆమె ఏదో అంది. వారం తర్వాత ఆమె డ్యూటీల గురించి ఆయన ఏదో అన్నాడు. రెండు గొడవలూ కలిపి తొమ్మిది రోజులు నడిచాయి. పదో రోజు ఇద్దరూ కూర్చుని, నీ పనిలో నేను మాట పెట్టను, నా పనిలో నువ్వు పెట్టకు అని తేల్చుకున్నారు. పాతికేళ్ళుగా ఆ ఒప్పందం మీదే ఇల్లు నడిచింది. ఆమె ఎన్ని గంటలకి వెళ్ళినా ఆయన అడగలేదు. ఆయన ఏ కర్ర కొన్నా ఆమె అడగలేదు. చుట్టుపక్కలవాళ్ళు వీళ్ళని చూపించి, అలా ఉండాలి మొగుడూ పెళ్ళాలంటే అనేవారు.

"సరే. నాదే తప్పు," అంది డ్రైవరమ్మ. బస్సు దిగి ఇంట్లోకి వెళ్ళింది.

వడ్రంగి వంగి సూదులు ఏరడం మొదలుపెట్టాడు. కూతురు కూడా వంగింది.

"ఎన్ని ఉండాలి?" అని అడిగాడు.

"నాకేం తెలుసు నాన్నా. అమ్మ సూదులు అమ్మ పని కదా."

ఆయన ఆ మాటకి నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

*

పన్నెండు దాటాక బాడీ మేస్త్రి వచ్చాడు. డిపోలో బస్సుల బాడీలు కట్టేది, బాగుచేసేది ఆయనే. రేకులు, సీట్లు, కిటికీలు అన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్తాయి. ఇరవై ఏళ్ళుగా డ్రైవరమ్మని అక్కా అంటాడు. ఆ లెక్కన వడ్రంగి బావ అయ్యాడు. ఏ చుట్టరికమూ లేదు.

"ఎనిమిది నెలల్నుంచి పిలవలేదు. ఇవాళ పిలిచావంటే కొంప మునిగిందనే కదా అక్కా," అంటూ బస్సెక్కాడు.

"నువ్వే చూడు తమ్ముడూ. నా తోలుడు బాగాలేదట."

"ఎవరన్నారు?"

డ్రైవరమ్మ భర్త వైపు చూసింది. మేస్త్రి బావ వైపు చూసి, ఆ విషయం వదిలేసి అలమరల మీద చెయ్యి వేశాడు. ఎడమ పక్క తొమ్మిది తలుపులు, కుడి పక్క ఐదు. వంట బల్ల, చేతులు కడుక్కునే తొట్టి, మధ్యలో చెక్క అడ్డగోడ, దాని వెనక మంచం. అతుకుల దగ్గర వేలుగోరుతో గీకి చూశాడు. గోరు ఎక్కడా దిగలేదు.

"ఏం పని బావా ఇది. వెంట్రుక కూడా దూరదు."

వడ్రంగి వంట బల్ల పక్కన ఆనుకుని నిలబడ్డాడు.

వడ్రంగి పనిముట్ల సంచీలోంచి మేస్త్రి రసమట్టం తీశాడు. దాన్ని అలమర అర మీద పెట్టాడు. గాజులోని బుడగ వచ్చి రెండు గీతల మధ్య ఆగింది. వంట బల్ల మీద పెట్టాడు. మధ్యలోనే ఆగింది. మంచం మీద పెట్టాడు. అక్కడా అంతే. అప్పుడు వంగి నేల మీద అడ్డంగా పెట్టాడు. బుడగ కుడి చివరికి పరిగెత్తి అక్కడే ఉండిపోయింది.

మేస్త్రి లేచి నడుం పట్టుకున్నాడు.

"అక్కా, ఈ పెరడు వాలుగా ఉంది. బస్సు ఎడమకి ఒరిగి నిలబడింది. ఎనిమిది నెలలూ ఇక్కడే కదా పని చేసింది?"

"ఇక్కడే."

"బస్సు ఒరిగే ఉంది. బావ లోపల అన్నీ నిటారుగా కట్టాడు. బస్సు సమంగా ఉన్న రోడ్డెక్కింది. ఇప్పుడు బస్సు నిటారు, లోపలివన్నీ కుడికి ఒరిగాయి. ఎడమ పక్క అలమరలు నడవ మీదికి వంగాయి. తలుపులు తెరుచుకోక ఏం చేస్తాయి?"

"కుడి పక్కవి?" అని కూతురు అడిగింది.

"అవి గోడ మీదికి వంగాయి. అందుకే మూసుకునే ఉన్నాయి. వాటి మంచితనమేం లేదు." వడ్రంగి వైపు తిరిగాడు. "బావా, అసలు రసమట్టాన్ని బస్సులోకి ఎవరు రానిచ్చారు? మా షెడ్డులో అది కనబడితే కుర్రాళ్ళని తంతాను. ఇల్లు కదలదు కాబట్టి నువ్వు భూమిని చూసుకుని కడతావు. బస్సుకి భూమేది? దాని నేలే దానికి భూమి. నేల మీద మూలమట్టం ఆనించి పైకి కొలుచుకుంటూ పోవాలి."

"నాకు తెలిసింది ఇళ్ళ పని," అన్నాడు వడ్రంగి.

"అదే అంటున్నా. పనిలో తప్పు లేదు. ఈ పెరడుని కూడా బస్సుకి కట్టుకుని తీసుకెళ్తే ఏ బాధా లేదు."

"తలుపులకి గడియలు పెడితే సరిపోదా?" అంది కూతురు.

"తలుపులకి పెడతావమ్మా. తొట్టిలో నీళ్ళకి ఏ గడియ పెడతావు? అవి గొట్టం వైపు పోవు, ఇటు మూలన నిలుస్తాయి. స్టవ్ మీద గిన్నె జారుతుంది. మంచం మీద ఇద్దరూ ఒకే పక్కకి దొర్లుతారు." ఆగి, "ఈ వయసులో అది మంచిదో చెడ్డదో నేను చెప్పలేను," అన్నాడు.

కూతురు నవ్వింది. మిగతా ఇద్దరూ నవ్వలేదు.

"ఎంత వాలు?" అని డ్రైవరమ్మ అడిగింది.

"చూద్దాం." మేస్త్రి టేపు పట్టుకుని వెనక్కి నడిచాడు. అడ్డగోడ మధ్య ద్వారం దగ్గర కాలు తట్టుకుని ముందుకు తూలాడు. "ఇదేంటి? బస్సుకి గడపేంటి బావా?"

అడ్డగోడ కింద ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఒక చెక్క ఉంది. చిత్రిక పట్టి, నూనె రాసిన చెక్క. మేస్త్రి వంగి దాని మీద బొటనవేలు పెట్టి జరుపుకుంటూ వెళ్ళాడు. కుడి చివర ఆ చెక్క కాగితమంత పలచగా ఉంది. మధ్యలో రెండు వేళ్ళ మందం. ఎడమ చివర వేళ్ళు పక్కపక్కన పెట్టి చూశాడు. నాలుగు.

ఇంకోసారి కుడి చివర వేలు పెట్టి చూశాడు. తలెత్తి బావ వైపు చూశాడు. బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నాలుగు వేళ్ళు," అని మేస్త్రి టేపు జేబులో పెట్టుకున్నాడు. "టీ ఉందా అక్కా?"

"స్టవ్ పెట్టెలో పెట్టేశాం."

"అయితే వద్దులే." బస్సు దిగుతూ మెట్టు మీద ఆగాడు. "రేపు పొద్దున షెడ్డుకి తీసుకొచ్చేయ్. అక్కడ నేల సమం. అన్నీ విప్పి, కింద నుంచి కొలుచుకుని మళ్ళీ బిగించాలి. ఆదివారానికి అయిపోతుంది. సోమవారం తనిఖీకి వెళ్ళొచ్చు. కానీ బావ ఉండాలి. ఈ అతుకులు విప్పడం నా వల్ల కాదు. బావ లేకపోతే నాకు నెల పడుతుంది, అదీ సగం విరగ్గొట్టుకుని."

"ఉండక ఎక్కడికి పోతారు," అంది డ్రైవరమ్మ.

మేస్త్రి మళ్ళీ లోపలికి వచ్చాడు. వడ్రంగి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

*

వంటింట్లో గోడకి అలమరలు తీసేసిన చోట్ల సున్నం రంగు వేరుగా ఉంది. నేల మీద పెట్టెలు నాలుగు. కూతురు ఒకదాని మీద కూర్చుని బ్రెడ్డు ముక్కలకి జామ్ రాస్తోంది. చాకు బస్సులో ఉంది. చెంచా వెనక వైపుతో రాస్తోంది.

"తిను."

"నాన్నకి ఇచ్చావా?"

"ఇచ్చాను. పెరటి మెట్టు మీద పెట్టుకుని కూర్చున్నారు. తినట్లేదు."

డ్రైవరమ్మ ఇంకో పెట్టె మీద కూర్చుంది. కుడి మోకాలు చాపి రుద్దుకుంది.

"అమ్మా, ఒకటి చెప్పనా? కోపం తెచ్చుకోకు."

"తెచ్చుకునే ఓపిక లేదు. చెప్పు."

"నాన్నకి ఇష్టం లేదు. ఈ ప్రయాణం."

"నీకు చెప్పారా?"

"ఆయన ఎప్పుడైనా ఎవరికైనా ఏదైనా చెప్పారా? చూస్తే తెలియట్లేదా? నెల నుంచి పని అయిపోయింది అంటూనే ఏదో ఒకటి చేస్తున్నారు. మొన్న ఒక సొరుగు పిడి మూడుసార్లు మార్చారు."

డ్రైవరమ్మ బ్రెడ్డు తీసుకుంది. తినలేదు.

"నా దగ్గర ముందు గది ఖాళీగానే ఉంది," అంది కూతురు. "శుక్రవారం అక్కడికి వచ్చేయండి. కొన్నాళ్ళుండండి. బస్సు సంగతి తీరిగ్గా చూద్దాం."

"కొన్నాళ్ళంటే?"

"కొన్నాళ్ళే. నెలో, రెండు నెలలో."

"నీ దగ్గర రెండు నెలలుంటే వర్షాలు వస్తాయి. వర్షాల్లో ఎందుకు అంటావు. తర్వాత చలి. ఆ తర్వాత నీకేదో అవసరం పడుతుంది. ఆ బస్సు నీ గేటు ముందు నిలబడి టైర్లు చచ్చిపోతాయి. నాకు తెలుసే. డిపోలో అలా చచ్చిన బస్సుల్ని చూశాను."

కూతురు కాదనలేదు.

డ్రైవరమ్మ నడిపిన దారి ఒకటే. ఇరవై ఆరేళ్ళు అదే దారి. ఆఖరి స్టాపు దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. అక్కడ పన్నెండు నిమిషాలు ఆగి బస్సు వెనక్కి తిప్పుకోవాలి. ఆ పన్నెండు నిమిషాలూ ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఆ చీలిక వైపు చూస్తూ కూర్చునేది. దాన్ని దాటి ఒక్క గజం కూడా పోలేదు. ఆ దారి రద్దు చేసి ఆమెని ముందుగా ఇంటికి పంపుతున్నామని చెప్పినప్పుడు, డిపో తీసేస్తున్న బస్సుల్లోంచి ఒకప్పుడు తను నడిపిన బస్సునే అడిగి తెచ్చుకుంది. ఎందుకు అని కూతురు అడిగితే, రోడ్డు ఎటు పోతుందో చూడాలి అంది. అంతకు మించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"ఇంకోటి అడుగుతా," అంది కూతురు. "వారం వారం నువ్వే కదా ఇంజన్ వేసి పావుగంట కూర్చునేదానివి. బస్సు ఒరిగిందని నీకు తెలియలేదా?"

డ్రైవరమ్మ బ్రెడ్డు ముక్క కొరికింది. నమిలి మింగింది.

"తెలుసు," అంది. "సీట్లో కూర్చుంటే ఎడమ తుంటి మీదే బరువంతా పడేది."

"మరి చెప్పలేదే?"

"ఆయన పని కదా. చూసుకునే చేస్తున్నారు అనుకున్నా."

కూతురు చెంచా పక్కన పెట్టింది. "ఇద్దరూ ఇద్దరే. రేపు ఆ బస్సులో నిప్పంటుకుంటే, ఆర్పడం ఎవరి పనో తేల్చుకున్నాకే నీళ్ళు పోస్తారు."

"నోరు మంచిది చేసుకో."

"నా నోటికేం కాలేదు. అంత చిన్న చోట మీరిద్దరూ మాట్లాడకుండా ఎలా ఉంటారో అదే నా భయం. ఇక్కడంటే ఐదు గదులున్నాయి. నువ్వొక గదిలో, ఆయనొక గదిలో. అక్కడ ఎటు పోతారు?"

డ్రైవరమ్మ లేచి చేతులు దులుపుకుంది. "సాయంత్రానికి ఆ రెండు పెట్టెలూ నీ కారులో వేసుకుని వెళ్ళు. మిగతావి రేపు చూద్దాం."

"నాన్నతో మాట్లాడతావా?"

"ఆ గడప కొలవగానే మేస్త్రి నన్ను టీ ఎందుకడిగాడు?" అంది డ్రైవరమ్మ. "వాడు టీ మానేసి రెండేళ్ళయింది."

*

ఆమె బస్సెక్కేసరికి నాలుగున్నర అయింది. వడ్రంగి లోపల లేడు. ఆమె తిన్నగా అడ్డగోడ దగ్గరికి వెళ్ళి గడప పక్కన నేల మీద కూర్చుంది. మేస్త్రి చేసినట్టే బొటనవేలు పెట్టి కుడి నుంచి ఎడమకి జరిపింది. కాగితం మందం. ఒక వేలు. రెండు. నాలుగు.

ఆమె వడ్రంగం చెయ్యలేదు. అయినా కాగితం మందం నుంచి నాలుగు వేళ్ళ దాకా చెక్కని చిత్రిక పట్టడం పొరపాటున జరగదని తెలుసు. ఎంత వాలు ఉందో కొలిచిన మనిషే దాన్ని అలా కోయగలడు.

వడ్రంగి మెట్టెక్కాడు. ఆమెని, ఆమె చేతినీ చూశాడు. వెనక్కి దిగిపోవచ్చు. దిగలేదు. వచ్చి ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు.

"ఇది ఎప్పుడు చేశారు?"

"రెండో అలమర కంటే ముందు."

"అంటే మొదటి నెల."

"అవును."

"అప్పటికే తెలుసు."

"అడ్డగోడ నిలబెట్టినప్పుడు తెలిసింది. కింద సందు వచ్చింది. అప్పటికి ఒకటే అలమర బిగించాను. విప్పితే రెండు రోజుల పని."

"విప్పలేదు."

"విప్పలేదు."

పెరటి గోడ అవతల ఎవరో చాప దులుపుతున్నారు. ఆ చప్పుడు ఆగింది.

"పొద్దున నా తోలుడు గురించి అడిగారు," అంది డ్రైవరమ్మ. "తెలిసే అడిగారు."

ఆయన తల దించుకున్నాడు. "నోట్లోంచి వచ్చేసింది."

"పాతికేళ్ళకి ఒక్క మాట అన్నారు నా పని గురించి. అదీ అబద్ధం."

"అవును."

"అవును అవును అంటే కాదు. ఎందుకు విప్పలేదో చెప్పండి."

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కుడి చేతి చూపుడు వేలికి ఒక పాత కోత ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దాడు.

"మొదటి అలమర బిగించిన రోజు నీకు ఆఖరి డ్యూటీ. యూనిఫాంతోనే వచ్చి ఇక్కడ కూర్చున్నావు. తలుపు తెరిచావు, మూశావు. బాగుంది అన్నావు."

"అన్నాను."

"ఇల్లులా ఉంది అన్నావు. నా పని చూసి నువ్వు బాగుందన్నది అదొక్కటే. ఎన్ని బల్లలు చేశాను, ఎన్ని మంచాలు చేశాను. ఒప్పందం కదా, నువ్వు అనవు, నేను అడగను. మర్నాడే దాన్ని పీకి, ఇది వంకరని నీకెలా చెప్పను?"

డ్రైవరమ్మ తలెత్తి మొదటి అలమర వైపు చూసింది.

"బాగుందని అంటే ఎనిమిది నెలలు వంకర కడతారా?" అంది చివరికి. గొంతులో కోపం సగమే ఉంది.

"ఇక్కడున్నంత సేపూ ఏదీ వంకర కాదు కదా."

"ఇక్కడుండటానికి కాదు కదా కట్టింది."

ఆయన మళ్ళీ వేలి మీది కోతని రుద్దాడు. ఆమె ఆయన మొహం వైపు చూసింది. మధ్యాహ్నం కూతురు అన్న మాటని ఆమె అప్పటిదాకా పక్కన పెట్టింది. ఇక పెట్టలేకపోయింది.

"మీకు రావాలని ఉందా?" అని అడిగింది.

"కట్టాను కదా."

"కట్టారా అని అడగలేదు."

ఆయన కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి పెరటి గోడ, గోడకి ఆనించిన నిచ్చెన, వంటింటి తలుపు కనబడుతున్నాయి.

"లేదు," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి."

"ఇల్లు అమ్మే కాగితం మీద ముందు సంతకం పెట్టింది మీరు. నా కంటే ముందు."

"నువ్వు కలం పట్టుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నావు. అలా చూస్తుంటే పెట్టాను."

"నేను చూసింది, మీకు ఇష్టమో కాదో తెలుస్తుందేమోనని."

"తెలిసిందా?"

"ఇష్టమే అనుకున్నాను."

వడ్రంగి నవ్వబోయాడు. రాలేదు. "పొద్దున లేవగానే కిటికీలోంచి ఏం కనబడుతుందో నాకు తెలియాలి. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. నీ మీద కోపం లేదు. రోడ్డంటే భయమూ లేదు. రోజూ కొత్త గోడ చూస్తూ లేవడం నా వల్ల కాదు."

"మరి శుక్రవారం నుంచి ఎక్కడ లేద్దామనుకున్నారు?"

"అనుకోలేదు."

"ఎనిమిది నెలలు అనుకోలేదా?"

"ఈ అలమర తర్వాత ఆ అలమర. అది అయ్యాక సొరుగులు. అంతవరకే అనుకున్నాను."

ఇంటి ముందు కూతురు కారు డిక్కీ మూసిన చప్పుడైంది. వెళ్తున్నానమ్మా అని కేక వేసింది.  కారు వెళ్ళిపోయింది.

డ్రైవరమ్మ కొంగు బొడ్లో దోపుకుంది. లేచి, ఆయన పనిముట్ల సంచీ దగ్గరికి వెళ్ళి స్క్రూడ్రైవర్ తీసింది. ఎడమ పక్క బల్ల ఎక్కింది. దాని పైన గోడకి వేలాడేది మొదటి అలమర. తలుపు తెరిచి లోపల వేళ్ళతో తడిమింది. పైన మూడు స్క్రూలు, కింద మూడు.

"ఏం చేస్తున్నావు?"

"విప్పుతున్నా."

"నేను రానన్నాను."

"విన్నాను. మీరు రాకపోతే నేనొక్కదాన్నే పోవాలి. ఒక్కదాన్నే ఉన్నా తొట్టిలో నీళ్ళు నిలవకూడదు కదా."

"ఒక్కదానివే పోతావా?"

"తెలియదు. ముందు ఇది విప్పనివ్వండి."

పైన ఉన్న మొదటి స్క్రూకి స్క్రూడ్రైవర్ ఆనించి తిప్పింది. అది కదల్లేదు. రెండు చేతులతో తిప్పింది. చెక్క కీచుమంది. స్క్రూ ఒక చుట్టు వదిలింది.

"దిగు," అన్నాడు వడ్రంగి.

ఆమె ఇంకో చుట్టు తిప్పింది. మొదటి స్క్రూ ఊడి బల్ల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి కింద పడింది. రెండోదానికి ఆనించింది.

"పైవి తీస్తే మొత్తం నీ మీద పడుతుంది. దిగు."

"అయితే ఏవి ముందు తీయాలి?"

ఆయన లేచాడు.

"మీ పని గురించి అడుగుతున్నాను," అంది డ్రైవరమ్మ. ఆయన వైపు తిరగలేదు. "ఎప్పుడూ అడగలేదు కదా. ఇప్పుడు అడుగుతున్నాను. ఏది ముందు?"

"చెబితే రాత్రయ్యేసరికి అన్నీ విప్పేస్తావు."

"విప్పేస్తాను."

రెండో స్క్రూ కూడా ఊడింది. అలమర పై అంచు గోడని వదిలి వేలెడు ముందుకు వచ్చింది. వడ్రంగి బల్ల మీద ఒక కాలు వేసి ఎక్కాడు. ఆమె తల పక్కన భుజం ఆనించి, అలమర బరువంతా దాని మీదికి తీసుకున్నాడు.

ఆమె మూడో స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెట్టి ఆగింది. ఇద్దరి ఊపిరీ వినబడుతోంది.

"చెప్పండి," అంది.

ఆయన అలమర కింద అలాగే నిలబడ్డాడు. భుజం తీయలేదు. ఏది ముందో చెప్పనూ లేదు.